మౌనం అంటే నోరు మూసుకోవడం కాదు

(యువజన సదస్సు రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కోలారు గనుల నుంచి తెల్లవారుజాము బండికి వచ్చినవాళ్లు ఇక్కడున్నారు. హోసూరు, చెన్నై, సోలాపూర్, బరంపురం, యానాం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. నిద్ర చాలని కళ్లు నాకు ఇక్కడి నుంచే కనిపిస్తున్నాయి. ఎవరైనా కునికితే నేనేమీ అనుకోను. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ధ్యానం, మైండ్‌ఫుల్‌నెస్ ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నన్ను అడిగినప్పుడు మొదట వద్దన్నాను. నేను పాస్టరమ్మను కాను, యోగా టీచరునూ కాను. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంకో కారణం అంతకంటే పెద్దది. మన తాతలకు, అవ్వలకు ఈ సమాజం తరతరాలుగా ఒకటే మాట చెప్పింది: నోరు మూసుకుని పని చూసుకో. ఊళ్లో అదే, పనిచోట అదే, ఒక్కోసారి గుడి లోపల కూడా అదే. అలాంటివాళ్ల పిల్లల ముందు నిలబడి "కళ్లు మూసుకోండి, మాట్లాడకండి" అని నేనెలా చెప్పేది?

తర్వాత ఆలోచించి ఒప్పుకున్నాను. మౌనాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి మన మీద ఎవరో మోపేది. రెండోది మనం వినడానికి మనంతట మనం ఎంచుకునేది. ఈ తేడా నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఒకరికి అన్యాయం చేసి నేర్చుకున్నాను. ముందు ఆ సాక్ష్యం చెప్తాను.

మాది కోలారు బంగారు గనులు. మా తాత చిత్తూరు వైపు నుంచి పనికోసం వచ్చి అక్కడే ఉండిపోయాడు. మా నాయన ఛాంపియన్ రీఫ్‌లో భూమి కింద పనిచేశాడు. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, ఆ సంగతి మీ ఇళ్లల్లో విని ఉంటారు. నా చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "నాయనా, కింద నీ దీపం ఆరిపోతే ఏం చేస్తావు?" అని. ఆయన చెప్పింది ఇది: "ఏమీ చేయను. కూర్చుంటాను. చీకట్లో పరుగెత్తినోడు గుంతలో పడతాడు. కూర్చుంటే మొదట నా ఊపిరి నాకు వినిపిస్తుంది. తర్వాత నీళ్లు కారే చప్పుడు. ఆ తర్వాత పక్కనోడి ఊపిరి. వాడెక్కడున్నాడో తెలిశాక ఇద్దరం కలిసి కదుల్తాం."

అప్పుడు నాకు అది గని సంగతి మాత్రమే అనిపించింది.

పెద్దయ్యాక నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మారికుప్పం నుంచి బయల్దేరే బండిలో రోజూ పోయి రావడమే. బడి అయ్యాక కొన్ని సాయంత్రాలు పౌరకార్మికుల కాలనీకి వెళ్లేదాన్ని. వాళ్లలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. పెద్దలు రాయలసీమ నుంచి వచ్చారు, పిల్లలు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. అప్పట్లో ఆ వార్డులో మూడు నెలలుగా జీతం రాలేదు. చేతులకు గ్లౌజులు లేవు. నేను అర్జీలు రాసేదాన్ని, సంతకాలు చేయించేదాన్ని, ఆఫీసుల చుట్టూ తిరిగేదాన్ని. కోపం నాకు అన్నం లాగా అయిపోయింది. అది లేకపోతే నడవలేననిపించేది. రాత్రి నిద్ర లేదు. పొద్దున లేస్తే దవడలు నొప్పి, నిద్రలో కూడా పళ్లు కొరికేదాన్ని.

ఒక సాయంత్రం అర్జీ మీద నలభైమంది వేలిముద్రలు కావాలి. ముప్పైతొమ్మిది వచ్చాయి. అరవై దగ్గర పడిన ఒక అక్క మాత్రం వెయ్యనంది. ఏదో చెప్పబోయింది, నేను ఆపేశాను. మళ్లీ చెప్పబోయింది. నేను అందరి ముందూ అరిచాను: "మీలాంటివాళ్ల వల్లే అందరి బతుకులూ ఇట్లా ఉన్నాయి." ఆమె తల వంచుకుని వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

ఆమె చెప్పబోయింది ఏమిటో వారం తర్వాత తెలిసింది. అర్జీ మీద వేలు పెడితే నీ కొడుకును పనిలోంచి తీసేస్తామని కాంట్రాక్టరు మనిషి బెదిరించాడు. అన్నట్టే తీసేశారు. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్తే ఆమె కాఫీ ఇచ్చింది, కోప్పడలేదు. ఒక్క మాట అంది: "టీచరమ్మా, ఆయన నోరు మూసుకోమన్నాడు. నువ్వు వేలిముద్ర వెయ్యమన్నావు. ఇద్దరూ నా మాట వినలా."

ఆ అబ్బాయికి ఇంకోచోట పని దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలు నా లెక్కలోనే ఉన్నాయి.

న్యాయం కోసం పనిచేస్తూనే నేను ఆమె నోరు మూయించాను. నా పక్క మంచిదే, నా కోపానికి కారణమూ నిజమే. కానీ నా లోపల గోల ఎంతగా ఉందంటే, ఎవరి కోసం మాట్లాడుతున్నానో ఆ మనిషి గొంతే నాకు వినపడలేదు. ఆ రాత్రి బండిలో నాయన మాట గుర్తొచ్చింది. నా దీపం ఆరిపోయింది, నేను చీకట్లో పరుగెత్తుతున్నాను. మర్నాడు పొద్దున టేకల్ దాటాక, మాలూరు వచ్చేదాకా, కళ్లు దించుకుని ఊరికే కూర్చున్నాను. నా ఊపిరి విన్నాను. నా ధ్యానం అలా మొదలైంది.

ఇప్పుడు మీలో చాలామందికి ఉన్న ప్రశ్నకు వస్తాను. క్రైస్తవులం ధ్యానం చేయవచ్చా? అది వేరే మతం వాళ్లది కదా?

ఆ మాట మన తెలుగు బైబిల్లోనే ఉంది. ఇస్సాకు సాయంకాలం పొలంలోకి వెళ్లింది ధ్యానించడానికే. మొదటి కీర్తనలో ధన్యుడు దివారాత్రం ధ్యానిస్తాడు. అక్కడున్న హెబ్రీ మాట "హాగా". అంటే లోలోపల గొణుక్కోవడం, చిన్నగా పలకడం. యెషయా గ్రంథంలో అదే మాట పావురం మూలుగుకు వాడారు, వేటను పట్టుకున్న సింహం గుర్రు మనడానికీ వాడారు. ధ్యానం అంటే మనసు ఖాళీ అయిపోవడమని ఆ పెద్దలు అనుకోలేదు. ఒక మాటను నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమలడమే వాళ్లకు ధ్యానం. యేసు ప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి పోయి ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలో రాశాడు. ముందురోజు సాయంత్రం ఊరంతా రోగులను తెచ్చి ఆయన గుమ్మం ముందు పెట్టింది. పని తక్కువై ఆయన ఏకాంతానికి పోలేదు.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న సన్యాసులు చేతులతో బుట్టలు, తాళ్లు అల్లుతూ ఒకే చిన్న వాక్యాన్ని పదే పదే లోపల చెప్పుకునేవాళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదాన్ని యోహాను కాసియన్ పశ్చిమ దేశాలకు రాసి అందించాడు. మన దేశంలో, బొంబాయిలో 1931లో పుట్టిన జెస్విట్ ఫాదర్ ఆంథనీ డి మెల్లో ఊపిరిని, ఒంటి స్పృహను ప్రార్థనలోకి తెచ్చే సాధనలు నేర్పించాడు. ఆయన రాతల్లో కొన్నిటి మీద 1998లో రోము నుంచి హెచ్చరిక వచ్చిన మాటా నిజమే. కాబట్టి ఎవరి దగ్గరైనా నేర్చుకోండి, పరీక్షించి నేర్చుకోండి.

మైండ్‌ఫుల్‌నెస్ అనేది బుద్ధుని బాటలో పుట్టిన సాధన. దాన్ని 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, ఏళ్ల తరబడి నొప్పితో బాధపడే రోగులకు ఒక కోర్సుగా పెట్టాడు. అందులో ముఖ్యమైనది ఒకటే: ఇప్పుడు జరుగుతున్నదాన్ని, తీర్పు చెప్పకుండా, శ్రద్ధగా గమనించడం. బౌద్ధుల దగ్గర వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గెందుకు? అంబేడ్కర్ గారు నడిచిన దారి అది. పొరుగువాడి బావిలో నీళ్లు తాగి, నీళ్లు అతనివే అని ఒప్పుకోవడం మర్యాద. శ్రద్ధగా గమనించడం అక్కడ నేర్చుకుందాం. ఆ శ్రద్ధతో ఎవరి మాట వినాలో మనకు తెలుసు.

సరే, ఎలా మొదలుపెట్టాలి? నోట్సు రాసుకునేవాళ్లు రాసుకోండి.

మొదటిది, సమయం. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఆదివారం గంట కూర్చుని మిగతా ఆరు రోజులు మానేయడం కంటే రోజూ ఐదు నిమిషాలు మేలు. పళ్లు తోముకున్నాక, టీ తాగాక, బండి ఎక్కాక అని రోజూ చేసే ఏదో ఒక పనికి దాన్ని ముడివేయండి. అప్పుడు మరిచిపోరు. ఫోన్లో అలారం పెట్టి, మెసేజ్‌లు రాకుండా ఆపేయండి.

రెండోది, చోటు. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్లు మనవి. విడిగా ప్రార్థన గది ఎవరికుంది? మేడ మెట్ల మీద, గుడి బెంచీ మీద, రైల్లో కిటికీ పక్కన, ఎక్కడైనా కూర్చోవచ్చు. చప్పుడు పూర్తిగా ఆగాలని ఎదురుచూడకండి, ఎప్పటికీ ఆగదు. కుక్కర్ విజిల్ వస్తే, వచ్చిందని గమనించి వదిలేయండి.

మూడోది, కూర్చోవడం. కుర్చీలోనో, కిందనో, మీ ఇష్టం. వీపు నిటారుగా ఉండాలి, కానీ కర్రలాగా బిగుసుకోకూడదు. భుజాలు వదిలేయండి. దవడ వదిలేయండి. కళ్లు మూసుకోవడం ఇష్టం లేకపోతే నేల మీద ఒకచోట చూపు నిలపండి.

నాలుగోది, ఊపిరి. దాన్ని మార్చకండి, గమనించండి. ముక్కు దగ్గర చల్లగా లోపలికి పోతుంది, కాస్త వెచ్చగా బయటికి వస్తుంది. లేదా పొట్ట లేచి పడడం చూడండి. గుండె దడగా ఉన్న రోజు మాత్రం ఊపిరి వదలడం కొంచెం నిదానం చేయండి. ఊపిరి మెల్లగా వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. మన ఒంటిని దేవుడు అలా చేశాడు.

ఐదోది, మాట. ఊపిరి తీసేటప్పుడు "ప్రభువా" అని, వదిలేటప్పుడు "కనికరించు" అని లోపల అనుకోండి. దాని మూలం ఎక్కడుందో గుర్తుచేసుకోండి. యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డి బిచ్చగాడు బర్తిమయి వేసిన కేక అది. జనం అతన్ని ఏం చేశారు? ఊరుకోమని గద్దించారు. అతను ఇంకా గట్టిగా అరిచాడు. యేసు ఆగాడు. అంతమంది గోలలో ఒక్క గొంతు విని ఆగాడు. క్రైస్తవులు ఎన్నో శతాబ్దాలుగా మౌనంలో చెప్పుకుంటున్న ప్రార్థన, నోరు మూసుకోమంటే మూసుకోని ఒక మనిషి కేకలోంచి వచ్చింది. ఇది మీరు మరిచిపోకూడదు.

ఆరోది, మనసు పారిపోవడం. పారిపోతుంది. మొదటి నిమిషంలోనే ఈఎంఐ గుర్తొస్తుంది, పరీక్ష గుర్తొస్తుంది, ఎవరో అన్న మాట గుర్తొస్తుంది. "నాకు ధ్యానం రాదు" అని చాలామంది అక్కడే లేచిపోతారు. పారిపోయిందని గమనించి మెల్లగా ఊపిరి దగ్గరికి తిరిగి రావడమే అసలు సాధన. ఐదు నిమిషాల్లో యాభైసార్లు పారిపోతే యాభైసార్లు తిరిగి వచ్చారన్నమాట. తప్పిపోయిన కుమారుణ్ణి తండ్రి తిట్టలేదు కదా, మీ మనసునూ మీరు తిట్టకండి.

ఏడోది, రాత్రి లెక్క. పడుకునే ముందు రెండు నిమిషాలు. పదహారో శతాబ్దంలో లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతి ఇది, నేను మూడు ప్రశ్నలుగా చేసుకున్నాను. ఈ రోజు నాకు మేలు ఎక్కడ కనిపించింది? ఎవరి మాట నేను వినలేదు? రేపు చేయాల్సిన ఒక్క పని ఏమిటి?

మొదటి రెండు వారాలు ఐదు నిమిషాలే. తర్వాత కావాలనిపిస్తే పది. కొన్నాళ్లకు ఇరవై చేసుకోవచ్చు. వెలుగులు కనిపిస్తాయని, ఒళ్లు తేలిపోతుందని ఎదురుచూడకండి. నాకు ఏదీ కనిపించలేదు. మూడు నెలలకు ఒకటి గమనించాను. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్లు ముగించేదాకా ఆగగలుగుతున్నాను. నాకు అదే పెద్ద అద్భుతం.

ఇప్పుడు రెండు హెచ్చరికలు.

ఒకటి. ఇది మందు మానేయడానికి కాదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటూనే కూర్చోండి. కొందరికి కళ్లు మూసుకోగానే పాత భయాలు, జరిగిన హింస ముందుకొస్తాయి. అలా అయితే బలవంతంగా కూర్చోకండి. కళ్లు తెరిచి, కాళ్లు నేల మీద గట్టిగా ఆనించి, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోండి, లేచి నడవండి, నమ్మకమైన మనిషితో మాట్లాడండి. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తే ఒంటరిగా ప్రార్థించి ఊరుకోకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ చేయడం విశ్వాసం తక్కువై కాదు.

రెండోది. ఈ రోజుల్లో పని గంటలు పెంచి, మనుషులను తగ్గించి, మిగిలినవాళ్లకు శుక్రవారం మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెట్టే చోట్లు ఉన్నాయి. నీ ఒత్తిడి నీ తప్పే, ఊపిరి సరిగ్గా పీల్చుకో అని చెప్పడం అది. గ్లౌజులు ఇవ్వకుండా ధ్యానం నేర్పిస్తే అది ధ్యానం కాదు, నోరు మూయించే పాత పనికి కొత్త పేరు. ఊపిరి పీల్చండి, గ్లౌజులు కూడా అడగండి.

ఏలీయాను చూడండి. కర్మెలు మీద అంత పోరాడినవాడు, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. అందుకే ఇందాక కునికినా ఏమీ అనుకోనన్నాను. అలసినవాడికి మొదటి ధ్యానం నిద్రే. తర్వాత హోరేబు దగ్గర గాలి, భూకంపం, అగ్ని అన్నీ అయ్యాక ఒక మెల్లని స్వరం వినిపించింది. ఆ స్వరం అతన్ని గుహలోనే ఉండిపొమ్మనలేదు. వచ్చిన దారినే తిరిగి పొమ్మంది, చేయాల్సిన పనులు చెప్పింది. నువ్వొక్కడివే మిగల్లేదు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పింది. రెండు అధ్యాయాల తర్వాత ఏలీయా ఎక్కడున్నాడు? నాబోతు ద్రాక్షతోటలో, ఒక మనిషి నేల లాక్కున్న రాజు ముందు నిలబడి ఉన్నాడు.

మార్టిన్ లూథర్ కింగ్ జీవితంలోనూ అలాంటి రాత్రి ఒకటి ఉంది. 1956 జనవరి 27. మాంట్‌గమరీలో బస్సుల బహిష్కరణ జరుగుతోంది. అర్ధరాత్రి ఫోన్లో ఎవరో చంపుతామని బెదిరించారు. నిద్ర పట్టక వంటింట్లో కాఫీ కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇక నా వల్ల కాదని దేవుని ముందు ఒప్పుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో, న్యాయం కోసం నిలబడమనే మాట తన లోపల వినిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. మూడు రోజులకు ఆయన ఇంటి మీద బాంబు పడింది. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు, దేవుని దయ, దెబ్బ తగల్లేదు. కోపంతో ఆయుధాలు పట్టుకుని వచ్చిన జనాన్ని ఆయన అదే వరండాలో నిలబడి శాంతింపజేసి ఇళ్లకు పంపాడు. ఉద్యమం ఆగలేదు. ఆ డిసెంబరులో బస్సుల్లో వివక్ష ఆగింది. వంటింటి మౌనం ఆయన్ను పోరాటంలోంచి బయటికి తీసుకుపోలేదు. పోరాటంలో మనిషిగా నిలబెట్టింది.

నన్ను కింగ్‌తో పోల్చుకోవడం లేదు. నా సంగతి చిన్నది. ఆ అక్క దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి కాగితం తీసుకుపోలేదు. తెల్లవారి ఆరున్నరకు, ఆమె వీధి ఊడ్చే చోట, కాలిబాట మీద కూర్చున్నాను. ఆమె పొరక పక్కన పెట్టి మాట్లాడింది. నేను విన్నాను. వేలిముద్రలు ఎవరి పేరూ పైకి రాకుండా గుండ్రంగా వేయాలన్న ఆలోచన ఆమెదే. మొదట ఎవరు వేశారో కాంట్రాక్టరుకు తెలియకూడదు కదా. ఆ తర్వాతి అర్జీ అలాగే వెళ్లింది. ఆ నెల జీతాలు వచ్చాయి. గ్లౌజులకు ఇంకో సంవత్సరం పట్టింది. నేను అంతకుముందే ఆమె మాట విని ఉంటే ఆమె కొడుకు పని పోయేది కాదు.

ఇప్పుడు రెండు నిమిషాలు కూర్చుందాం. బైబిళ్లు, ఫోన్లు పక్కన పెట్టండి. కాళ్లు నేల మీద ఆనించండి. మొదట మీ ఊపిరి వినండి. తర్వాత ఫ్యాను చప్పుడు, బయట రోడ్డు చప్పుడు. ఆ తర్వాత పక్కన కూర్చున్న మనిషి ఊపిరి. రెండు నిమిషాలయ్యాక లేచి వాళ్ల వైపు తిరిగి, ఎక్కడి నుంచి వచ్చారో, ఇంట్లో ఏం కష్టముందో అడగండి. వాళ్లు ముగించేదాకా ఆగండి.

అలారం పెడుతున్నాను. మొదలుపెడదాం.